ముట్టుకున్నవాళ్లదే తూము

చివరి ఇల్లు,
వానలకు ముందు.

ఆడపడుచు గారికి,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరమేమిటని మొహం చిట్లించకు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. నేనొకటి చెప్పేలోపు నువ్వు పది చెప్పి, "మీటింగుంది వదినా" అని పెట్టేస్తావు. ఉత్తరమైతే మధ్యలో అడ్డు రాలేవు కదా, అందుకని రాస్తున్నాను.

విషయం మా ఇంటి వెనక గుంట. మేం ఈ ఇల్లు కొన్న కొత్తలో నువ్వే వచ్చి చూసి, "ఇది చెరువు కాదు వదినా, కాలనీ మీద పడ్డ వానంతా ఇందులోకి దిగి, ఆ మూల తూములోంచి మెల్లగా పెద్ద కాలువలోకి పోతుంది. వాన లేనప్పుడు ఇది ఎండి ఉండాలి" అని పాఠం చెప్పావు. ఇప్పుడు వచ్చి చూడు. మండు వేసవిలో కూడా మోకాలి లోతు నీళ్లు, మనిషెత్తు రెల్లు. తూము ముందున్న ఇనప ఊచలకి ప్లాస్టిక్ సంచులు, ఆకులు, వాటి పక్కన ఎవరిదో పరుపు. పరుపు ఎలా వచ్చిందని అడక్కు. పై వీధిలో ఎవరో కొత్త మంచం కొనుక్కుని ఉంటారు.

నిరుడు ఆ తూము మూసుకుపోయి నీళ్లు రోడ్డెక్కాయి. మా గడప దాకా వచ్చి ఆగాయి. కుట్టుమిషన్లు కింది గదిలోనే ఉన్నా నేను ఎలాగో సర్దుకున్నాను. నా దిగులంతా ఎదురింటి నర్సమ్మ గారి గురించి. నువ్వు చూశావుగా ఆవిణ్ణి. ఉద్యోగం చేసినంత కాలం ఆసుపత్రిలో నిలబడి, పెళ్లీ గిళ్లీ అనుకోకుండా, సొంత సంపాదనతో కొనుక్కున్న ఇల్లు అది. నిలబడి నిలబడి మోకాళ్లు అరిగిపోయాయి. పైన గదులు లేవు. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతదాని మీదే కొత్తది పోస్తారు, కాబట్టి రోడ్డు పెరుగుతూ పోయింది, ఆవిడ గడప ఉన్నచోటే ఉండిపోయింది. ఇప్పుడు ఆవిడ ఇంట్లోకి వెళ్లాలంటే రోడ్డు మీంచి కిందికి దిగాలి. నిరుడు నీళ్లు లోపలికొస్తే మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంది. మేం వెళ్లి తలుపు తట్టేదాకా కేక కూడా వెయ్యలేదు. ఇంకోసారి ఇలా అయితే ఇల్లు వదిలేసి చెల్లెలి దగ్గరికి పోతానంటోంది. చెల్లెలంటే ఆవిడకి అస్సలు పడదు.

మా కాలనీ సెక్రటరీని అడిగాను. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యాడు. దేనికైనా ఒక సర్క్యులర్ పంపిస్తాడు కాబట్టి మేం సర్క్యులర్ గారు అంటాం. "అది టౌను ఆఫీసు వాళ్లదమ్మా" అన్నాడు. టౌను ఆఫీసుకి ఫోన్ చేస్తే "అది మీ కాలనీదండీ" అన్నారు. కట్టిన బిల్డర్ని పట్టుకుందామంటే ఆ కంపెనీయే ఇప్పుడు లేదట. అందరూ చేతులు దులుపుకున్నారు, గుంట మాత్రం కదలకుండా అక్కడే ఉంది.

నువ్వు కాలువల సెక్షన్లో ఇంజనీరువి. మా ఊరు కూడా మీ పెద్దాఫీసు కిందికే వస్తుందని మీ అన్నయ్య అన్నాడు. పూడిక తీసే మిషన్నీ ఇద్దరు మనుషుల్నీ పంపించి పుణ్యం కట్టుకో. వానలు మొదలవకముందే.

మీ అన్నయ్య గూడ్సు బండి తీసుకుని ఎటో వెళ్లాడు. ఎప్పుడొస్తాడో ఆయనకీ తెలీదు, బండికీ తెలీదు.

నీ వదిన


ఆఫీసు, రెండో అంతస్తు.

వదినకి,

మొహం చిట్లించలేదు. నవ్వుకుంటూ చదివాను, పరుపు దగ్గరికొచ్చాక నవ్వు ఆగిపోయింది. ఊచలకి పరుపు అతుక్కుంటే ఇక నీళ్లు పోవు.

మీ కాలనీ ఫైలు తీయించాను. చెబితే నీకు కోపం వస్తుంది, కానీ విను. బిల్డరు గుంట తవ్వాడు. కాలనీకి అప్పజెప్పానన్నాడు. కాలనీ వాళ్లు తీసుకున్నామని ఎక్కడా అనలేదు. మాకు అప్పజెబుదామని కాలనీ ఒకసారి అడిగింది. గుంట బాగుచేసి ఇస్తే తీసుకుంటామన్నారు మా వాళ్లు. మీరు తీసుకుంటేనే బాగుచేస్తామన్నారు మీ వాళ్లు. అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడది పటంలో ఉంది కానీ ఎవరి పేరు మీదా లేదు.

మా పెద్దాయన్ని అడిగాను. పెద్దాయనంటే మా సెక్షన్ హెడ్డు, నోట్లో వేలు పెడితే కొరకలేనట్టు ఉంటాడు గానీ గట్టి మనిషి. "ఒక్కసారి మన మిషను అందులో దిగిందనుకో, రేపటి నించి అది మనదే అంటారు. ఇలాంటి గుంటలు మన కింద వందల్లో ఉన్నాయి, మిషను ఒక్కటి. గుంటే లేని పాత వీధుల వాళ్లు కట్టే పన్నుతో కొత్త కాలనీల గుంటలెందుకు తవ్వాలి?" అన్నాడు. అది కూడా న్యాయమే.

నన్నడిగితే ఎవరు చూడాలి? ఆఫీసే చూడాలంటాను. కాలనీ కమిటీలు ఏడాదికోసారి మారతాయి, ఇళ్లు చేతులు మారతాయి, సర్క్యులర్ గారి తర్వాత ఇంకో గారు వస్తారు. గుంట మాత్రం ఎక్కడికీ పోదు. అందరి దగ్గరా కొంచెం వసూలు చేసి, ఎప్పటికీ ఉండే ఆఫీసు చూసుకోవాలి. ఈ మాటే మీటింగులో అన్నాను. "రాసివ్వండి, చూద్దాం" అన్నారు. రాసిచ్చాను.

ఈలోగా నువ్వొక పని చెయ్యి. పొడుగాటి కర్రకి కొంకి కట్టి, వాన రాకముందే ఆ ఊచల మీది చెత్త లాగెయ్యి. వాన పట్టాక కుదరదు. నీళ్ల బరువు చెత్తని ఊచలకేసి నొక్కేస్తుంది, పదిమంది లాగినా ఊడి రాదు. పరుపు సంగతి మా అన్నయ్యకి అప్పజెప్పు. బండ్లు లాగేవాడికి పరుపొక లెక్కా?

నీ ఆడపడుచు


చివరి ఇల్లు,
తొలకరి పడ్డాక.

ఇంజనీరు గారికి,

మీ అన్నయ్య పరుపుని గట్టుకి లాగాడు. అక్కణ్ణించి ఎక్కడికి తీసుకెళ్లాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి అది అక్కడే ఉంది. చెత్త బండివాడు రోడ్డు మీద ఉన్నదే ఎత్తుతాడట, గుంట గట్టు అతనిది కాదట. ఇక్కడ ఏదీ ఎవరిదీ కాదమ్మా.

కొంకి తయారైంది. పాత కర్టెన్ కడ్డీ, దాని చివర మొక్కల దగ్గర మట్టి గీరే పంజా, నా కుట్టు నవారుతో గట్టిగా బిగించాను. నా కుట్టు సంగతి నీకు తెలుసుగా, కడ్డీ విరుగుతుందేమో గానీ ముడి ఊడదు. నర్సమ్మ గారు ఒక పెట్టెడు రబ్బరు చేతొడుగులు పంపించింది. "చెయ్యి తెగితే దాచుకోకు, నాకు చూపించు" అంది. మబ్బు పట్టినప్పుడల్లా వెళ్లి లాగుతున్నాను. రెండు వానలు పడ్డాయి, చుక్క నీరు రోడ్డెక్కలేదు. తూములోంచి నీళ్లు గలగలా పోతుంటే చూడ్డానికి ఎంత బాగుందో. ఆవిడ కిటికీలోంచి చూస్తూ చెయ్యి ఊపుతుంది.

కాలనీ మీటింగు పెట్టారు. కిందికి దిగే నీళ్లు కింది వాళ్ల సమస్య అన్నాడు పై వీధి పళ్ల డాక్టరు. "మీ మేడ మీద పడ్డ వాన మీ దగ్గరే ఆపుకోండి మరి" అన్నాను. అందరూ నవ్వారు, అంతటితో అయిపోయింది. ఇంకొకావిడ గుంట చుట్టూ దీపాలు పెట్టి బాతుల్ని వదులుదామంది. దానికి చప్పట్లు కొట్టారు. బాతుల కోసం నీళ్లు ఎప్పుడూ నిండుగా ఉంచాలట! ఎండి ఉండాల్సిన గుంటమ్మా అది అని నీ పాఠం మళ్లీ చెప్పాను. నన్ను బాతుల్ని చంపేదాన్ని చూసినట్టు చూశారు.

చివర్లో సర్క్యులర్ గారు లేచి నా గురించి రెండు మంచి మాటలు చెప్పాడు. ఎవరో నేను కొంకితో లాగుతుండగా తీసిన ఫోటోని కాలనీ ఫోన్ గ్రూపులో పెట్టారు. దాని కింద దండాలే దండాలు. అబద్ధమెందుకు, నాకు సంతోషంగానే ఉంది. ఈ కాలనీలో ఇన్నాళ్లూ నేను జాకెట్లు సరిగ్గా కుట్టే ఆవిణ్ణి మాత్రమే.

నీ వదిన


ఆఫీసు.

వదినకి,

ఇక ఆ కొంకి ముట్టుకోకు. గుంట దగ్గరికి వెళ్లకు. ఎవరైనా అడిగితే అది నాది కాదని చెప్పు. కొన్నాళ్లు ఇక్కడికి రా, మా ఇంట్లో ఉందువుగాని. మిషను నాదొకటుంది, కుట్టుపని ఇక్కడే చేసుకోవచ్చు.

ఉంటాను.


చివరి ఇల్లు,
ముసురులో.

అమ్మాయ్,

ఉత్తరం రాశావా, సమన్లు పంపావా? బాగోగులు లేవు, అన్నయ్య ఊసు లేదు, "ముట్టుకోకు" అని ఆజ్ఞ. లాగమన్నదీ నువ్వే, ఆపమంటున్నదీ నువ్వే. నేనేమన్నా మీ ఆఫీసు ప్యూన్నా?

ఇక్కడ నా పరిస్థితి చెబుతాను విను. చినుకు పడితే చాలు, ఫోన్లు. "ఏమండీ, తూము చూశారా?" "అక్కా, చెత్త పట్టినట్టుంది, కాస్త వెళ్తారా?" నిన్న పళ్ల డాక్టరు ఇంటి పనావిడ వచ్చి, "మా అమ్మగారు తూము లాగమన్నారు" అంది. నేను జాకెట్ కత్తిరిస్తున్నాను, కత్తెర చేతిలోనే ఉంది, నోరు అదుపులో పెట్టుకున్నాను. దండాలు పెట్టినవాళ్లే ఇప్పుడు పనులు పురమాయిస్తున్నారు. ఆ గుంట నా మెడకి చుట్టుకుందని నాకూ తెలుస్తూనే ఉంది.

కానీ మానేస్తే నర్సమ్మ గారి ఇంట్లోకి నీళ్లొస్తాయి. నేను మీ ఇంట్లో కూర్చుని లంగాలు కుట్టుకుంటుంటే ఇక్కడ ఆవిడ మంచమెక్కి కూర్చోవాలా? నువ్వేదో దాస్తున్నావు. చిన్నప్పుడు కూడా అంతేనట నువ్వు, మీ అన్నయ్య చెబుతుంటాడు, తప్పు జరిగితే మాటలు తగ్గిపోతాయట. చెప్పు.

వదిన


ఇంటి నుంచి, ఆఫీసు నుంచి కాదు.

వదినకి,

కోప్పడ్డావు, మంచిదే. చెప్పకుండా ఉండిపోవడానికి ఆ కోపమే అడ్డొచ్చింది.

మీ సర్క్యులర్ గారు మా ఆఫీసుకి వచ్చాడు. నీ ఫోటోలు తెచ్చాడు. చేతొడుగులేసుకుని, కొంకి పట్టుకుని, చీర కుచ్చెళ్లు దోపుకుని నువ్వు. "చివరింటివాళ్లే ముందునుంచీ ఆ తూముని చూసుకుంటున్నారు, గట్టు కూడా వాళ్ల గోడకి ఆనుకునే ఉంది. కాబట్టి నిర్వహణ బాధ్యత వాళ్లదే" అని చెప్పి వెళ్లాడు. మా పెద్దాయన మొహం వెలిగిపోయింది వదినా. ఇన్నాళ్లకి ఆ గుంటకి ఒక మనిషి దొరికింది. ఎవరు ముట్టుకుంటే వాళ్లదన్న భయంతో మేమంతా ముట్టుకోకుండా కూర్చున్నాం. ముట్టుకున్నది నువ్వొక్కదానివే.

నీ పేరు మీద నోటీసు తయారు చెయ్యమన్నాడు. నన్నే. ఆవిడ మా వదినండీ అన్నాను. "మరీ మంచిది, ఇంట్లో నెమ్మదిగా చెప్పొచ్చు" అన్నాడు. ఆయన వెటకారానికి అనలేదు. నిజంగానే నాకు సులువవుతుందనుకున్నాడు.

నోటీసు వస్తే ఏమవుతుందంటే, గుంట పూడిక, గట్టు, ఊచలు అన్నీ నీవే. ఎవరింట్లోకి నీళ్లొచ్చినా నీదే జవాబుదారీ. పళ్ల డాక్టరు నీ మీద కేసు వేయొచ్చు. నేను సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను, ఆ కాయితం నా చేత్తో రాయకూడదని. నేను రాయకపోతే పక్క సీటతను రాస్తాడు.

ఒక దారుంది. నువ్వు అభ్యంతరం రాసి పంపు, అది నాది కాదు, ఇరుగుపొరుగు మంచికి చేశాను, ఇక చెయ్యను అని. పెద్దాయన వచ్చి చూసేదాకా చెయ్యి పెట్టకు. ఆ ఉత్తరం ఇచ్చాక నువ్వు ఒక్కసారి లాగినా అదంతా వృథా. ఎవరో ఒకరు ఫోటో తీస్తారు.

లాగమని చెప్పింది నేనే. రోజూ ఇలాంటి గుంటల మధ్యే పనిచేస్తూ కూడా ఈ సంగతి నాకు తట్టలేదు. క్షమించమని అడగడానికి కూడా మొహం చెల్లడం లేదు.

నీ ఆడపడుచు


చివరి ఇల్లు,
వాన వెలిసిన పూట.

అమ్మాయ్,

నువ్వు చెప్పినట్టే రాసిచ్చాను. కొంకిని గోడకి ఆనించేశాను.

మొన్న వాన పడింది. పెద్దదేం కాదు. చెత్త పట్టింది, నీళ్లు మెల్లగా గట్టు దాటాయి. నేను మిషను ముందు కూర్చుని ఒకే కుట్టు వేస్తూ, విప్పుతూ, మళ్లీ వేస్తూ ఉన్నాను. ఇంటి ముందు ఓ గుంపు చేరింది. "మీరు లాగలేదేంటి?" అన్నారు, నేనేదో జీతం తీసుకుని పనెగ్గొట్టినట్టు. "అది నాది కాదు" అన్నాను. ఆ మాట అంటుంటే నాకే సిగ్గేసింది. సర్క్యులర్ గారు "అందరూ ఇలాగే అనుకుంటే ఎలాగమ్మా" అన్నాడు. ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఎదుటివాళ్లు నీతులు చెబుతుంటే వినడం కష్టం, ఆ నీతులు మనవే అయినప్పుడు మరీ కష్టం.

"కొంకి అదిగో, గోడ దగ్గరుంది, ఎవరైనా తీసుకోండి" అన్నాను. ఒకాయన తీసుకున్నాడు. పేపర్ షాపాయన, మంచివాడే. నాలుగడుగులు వేశాడు. అటూ ఇటూ చూశాడు. అందరి చేతుల్లో ఫోన్లున్నాయి. వెనక్కొచ్చి కొంకి ఉన్నచోటే పెట్టేశాడు. "నాకు నడుం నొప్పండీ" అన్నాడు. ముట్టుకుంటే మెడకి చుట్టుకుంటుందని ఆయనకీ అర్థమైపోయింది.

నర్సమ్మ గారి గడప దగ్గర నీళ్లు ఆగాయి, లోపలికి పోలేదు. తర్వాత వెళ్లాను. నేల మీది సామానంతా ఒక్కొక్కటీ మంచం మీద సర్దుకుని ఉంది. మోకాళ్లతో ఎలా వంగిందో. నన్ను చూసి, "నేనేమైనా అన్నానా? నా మీద కోపమొచ్చిందా?" అని అడిగింది.

నోటీసు గురించి చెప్పబోయాను. చెబితే "నువ్వు ముట్టుకోకు, నేనే వెళ్లిపోతాను" అంటుంది. ఆవిడ అలాంటి మనిషి. అందుకని చెప్పలేదు. "కోపమేముంది, ఒంట్లో బాగోలేదు" అన్నాను. వెంటనే నా చెయ్యి పట్టుకుని నాడి చూసింది.

మీ పెద్దాయన్ని త్వరగా తీసుకురా.

వదిన


ఆఫీసు, రెండో అంతస్తు.

వదినకి,

బయల్దేరాం. జీపు సగం దూరం వచ్చాక మీ ఊరి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, గుంట నిండా నీళ్లున్నాయట. నీళ్లుంటే అడుగు కనిపించదు, ఊచలు కనిపించవు, కాబట్టి తనిఖీ కుదరదు. నీళ్లు దిగాక రమ్మన్నారు. జీపు వెనక్కి తిప్పారు. నీళ్లు దిగాలంటే తూము లాగాలి. తూము లాగాలంటే తనిఖీ అవ్వాలి. జీపులో కూర్చుని ఈ మాటే పైకి అన్నాను. పెద్దాయన కూడా నవ్వాడు. "ఏం చేద్దామంటావమ్మా" అన్నాడు. నిజంగా అడిగాడు.

మిషను పంపమని మళ్లీ రాశాను. అది ఇంకో ఊళ్లో కాలువలో దిగబడి ఉంది, దాన్ని పైకి తీయడానికి మరో మిషను వెతుకుతున్నారు.

వాతావరణం వాళ్లు పెద్ద వానంటున్నారు. నర్సమ్మ గారిని ముందే మీ మేడ మీదికి తీసుకెళ్లు. తూము జోలికి మాత్రం వెళ్లకు. ఇంకొన్నాళ్లు ఓపిక పట్టు వదినా, నీ అభ్యంతరం చదివారు, మనవైపే మొగ్గుతున్నారు.

నీ ఆడపడుచు


చివరి ఇల్లు.

అమ్మాయ్,

నీ ఉత్తరం వచ్చేసరికే వాన వచ్చేసింది.

ఆవిణ్ణి పైకి రమ్మని అంతకుముందే పిలిచాను. "మీ మెట్లు నేనెక్కలేను, నువ్వున్నావుగా" అంది. "నువ్వున్నావుగా" అన్న మాట నా గుండెల్లో గుచ్చుకుంది. అయినా ఇచ్చిన మాట కోసం కూర్చున్నాను. నీళ్లు రోడ్డెక్కాయి. మా గడప తాకాయి. ఎదురింటి తలుపు కింద నుంచి లోపలికి దూరడం కళ్లారా చూశాను. అప్పుడు ఇంకేం ఆలోచించలేదు, కొంకి పట్టుకుని పరిగెత్తాను. నోటీసు వస్తే రానీ అనుకున్నాను.

ఊడి రాలేదమ్మా. గట్టు మీద పెట్టిన ఆ పరుపు నీళ్లతో పాటు జారి వెళ్లి ఊచలకి బల్లలా అతుక్కుపోయింది. లాగాను, వేలాడాను. నువ్వు ముందే చెప్పావు, వాన పట్టాక పదిమంది లాగినా రాదని. పదిమంది కూడా లేరు. మేడల మీద చాలామంది ఉన్నారు. "జాగ్రత్తండీ!" అని అరుస్తున్నారు పాపం. పేపర్ షాపాయన ఒక్కడూ దిగొచ్చాడు, నడుం నొప్పన్న మనిషే. ఇద్దరం లాగాం. కడ్డీ వంగిపోయింది.

నర్సమ్మ గారిని నా మిషను దగ్గరి కుర్చీలో కూర్చోబెట్టి, మీ అన్నయ్యా, పేపర్ షాపాయనా మోసుకొచ్చారు. మీ అన్నయ్య అప్పుడే డ్యూటీ దిగి వచ్చాడు, యూనిఫారంతోనే నీళ్లలో దిగాడు. ఆవిడ ఏడవలేదు. కుర్చీలో కూర్చుని, "నెమ్మది బాబూ, నీ నడుం జాగ్రత్త" అని పేపర్ షాపాయనకే చెబుతోంది. తర్వాత చెల్లెలు కారు పంపితే వెళ్లిపోయింది. ఆవిడ ఇంటి తాళం నా దగ్గరుంది.

కోపం తెచ్చుకుందామంటే ఎవరి మీద తెచ్చుకోవాలో తెలీడం లేదు. సర్క్యులర్ గారింట్లోకీ నీళ్లొచ్చాయి. ఆయన ఫైళ్లన్నీ ఎండబెట్టుకుంటుంటే చూసి జాలేసింది. నీ మీదా కోపం లేదు. ముందురోజు లాగి ఉంటే ఆగేది, అంతే. ఆ ముందురోజు నేను ఖాళీగానే ఉన్నాను. అదొక్కటే పదే పదే గుర్తొస్తోంది.

వదిన


ఆఫీసు, రెండో అంతస్తు.

వదినకి,

నీళ్లు కాస్త దిగాక పెద్దాయన వచ్చి చూసి వెళ్లాడు కదా. నీకు టీ ఇచ్చే తీరిక కూడా ఇవ్వకుండా వెళ్లిపోయాడట. నేను కావాలనే రాలేదు, బంధువుని కాబట్టి రాకూడదన్నారు, నేనూ సరేనన్నాను. నీ మొహం చూసే ధైర్యం లేక సరేనన్నానేమో కూడా.

నీ పేరు తీసేశారు. వాననాడు లాగింది ప్రాణం మీదికొచ్చినప్పుడు చేసిన సాయం కిందికి వస్తుందట, నిర్వహణ కిందికి రాదట. ఇక నోటీసు రాదు. గెలిచాం.

ఫైలు కూడా మూసేశారు. నీళ్లు లోపలికొచ్చిన ఇంటివాళ్లు ఫిర్యాదు చేస్తే దాన్ని బట్టి కమిటీ వేసేవాళ్లు. నర్సమ్మ గారి ఇంట్లో ఇప్పుడెవరూ లేరు. మిగతా వాళ్లెవరూ రాతపూర్వకంగా ఇవ్వలేదు, ఇస్తే గుంట తమ కాలనీదని ఒప్పుకున్నట్టవుతుందని సర్క్యులర్ గారు సలహా ఇచ్చాడట. ఆయన్ని మాత్రం ఏమనగలం? మేం మిషను పంపకపోవడానికీ అదే కారణం కదా. నేను రాసిచ్చిన ఆ ప్రతిపాదన పైకి వెళ్లింది. ఈ ఏడు కాదన్నారు.

చెత్త ఇంకా ఊచల దగ్గరే ఉందా?

నీ ఆడపడుచు


చివరి ఇల్లు,
ఎండ కాస్తోంది.

అమ్మాయ్,

ఉంది. పరుపూ ఉంది.

రోజూ వెళ్లి నర్సమ్మ గారి ఇంటి కిటికీలు తెరుస్తున్నాను. నేల కడిగాను. నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో గోడ మీద కుట్టు సుద్దతో గీత గీసి, తర్వాత తుడిచేశాను, ఆవిడ చూస్తే భయపడుతుందని. పరుపులు, బట్టలు ఎండబెట్టాను. మీ అన్నయ్య తలుపు చెక్క ఉబ్బితే చెక్కి సరిచేశాడు. ఇల్లు సిద్ధంగానే ఉంది.

ఆవిడ రోజూ ఫోన్ చేస్తోంది. చెల్లెలింట్లో టీవీ ఎవరు పెట్టాలి, ఫ్యాను ఎంతలో తిరగాలి, అన్నిటికీ చెల్లెలి అనుమతి కావాలట. "అందరికీ మందులిచ్చిన దాన్ని, ఇప్పుడు నా మందు ఎప్పుడు వేసుకోవాలో ఇది నాకు చెబుతోందే" అని నవ్వుతోంది. నవ్వుతూ నవ్వుతూనే నిన్న, "ఒక్క మాట చెప్పు, వచ్చెయ్యనా? నీళ్లు రావని ఎవరైనా ఒక్కరు చెబితే చాలు. నేను నమ్మేస్తాను. ఎవరు చూస్తారట ఇక నించి?" అని అడిగింది.

రేపు చెబుతానన్నాను. నేను లాగుతాను అని చెప్పడానికి నోటి దాకా వచ్చింది. కానీ నేను ఊళ్లో లేనిరోజు? జ్వరమొచ్చిన రోజు? ఎవరో ఫోటో తీసిన రోజు? ఆవిడ ఒంటరిగా, లేవలేని మోకాళ్లతో, నేనున్నానన్న ధీమాతో ఆ మంచం మీద పడుకుని ఉంటుంది. నేనొకసారి ఆవిణ్ణి అలా వదిలేశాను.

నువ్వు చదువుకున్నదానివి, ఆ ఆఫీసులోనే ఉన్నావు. ఒక్క పేరు చెప్పు. కాలనీయో, ఆఫీసో, ఎవరైతేనేం. ఆ పేరు ఆవిడకి చెప్పి రమ్మంటాను. లేదంటే ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నాకు తెలీడం లేదు.

వదిన


ఇంటి నుంచి.

వదినకి,

నీ ఉత్తరం పెట్టుకుని పై ఆఫీసర్ల గదులన్నీ తిరిగాను. కాళ్లు పట్టుకోవడం ఒక్కటే మిగిలింది. అందరూ కుర్చీ వేసి కూర్చోబెట్టారు, అందరూ అయ్యో అన్నారు. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి అలాంటి పేరు ఎక్కడా లేదు వదినా.

ఆవిణ్ణి రావద్దని చెప్పు.

నీ ఆడపడుచు